అర్ధరాత్రి సైక్లర్ కూస్తే ఏం చేయాలి?

మా అమ్మకు పీడీ (పెరిటోనియల్ డయాలసిస్) మొదలుపెట్టిన మొదటి వారం. అంటే కడుపులోకి ఫ్లూయిడ్ వేసి, నాననిచ్చి, బయటికి తీయడం (డ్రెయిన్). రాత్రంతా ఆ పని చేసే మిషనే సైక్లర్. రాత్రి రెండు గంటలప్పుడు మిషన్ కూసింది. లేచి కళ్లు నులుముకుంటూ చూస్తే స్క్రీన్ మీద ‘లో డ్రెయిన్ వాల్యూమ్’ అని ఉంది. చదివాను గానీ బుర్రకెక్కలేదు. ఏదో ఒక బటన్ నొక్కాను, కూత ఆగింది, పడుకున్నాను. పది నిమిషాలకు మళ్లీ. మళ్లీ నొక్కాను. అట్లా నాలుగుసార్లయ్యాక అమ్మే అనింది: “నాయనా, అది ఏమో అడుగుతాంది. నువ్వు ఊరికే దాని నోరు మూపిస్తావేమి?” లైటు వేసి చూస్తే, దోమతెర అంచును పరుపు కిందికి దోపుకుంటూ ట్యూబును కూడా కలిపి దోపేసింది. పరుపు ఎత్తామో లేదో, డ్రెయిన్ మొదలైంది.

అనంతపురంలో మా ఇంట్లో అప్పట్నుంచీ ఒకటే పద్ధతి. కూత ఆపడానికి బటన్, కారణం వెతకడానికి చెయ్యి. ఈ రెండూ వేర్వేరు పనులు. మొదటిది చేసి రెండోది మరిచిపోవడమే కొత్తవాళ్లందరూ చేసే తప్పు.

ఇది రాత్రిపూట సైక్లర్ మీద పెరిటోనియల్ డయాలసిస్ చేసుకునేవాళ్ల కోసం, వాళ్ల పక్కన పడుకునేవాళ్ల కోసం. పగలు బ్యాగు వేలాడదీసి చేత్తో చేసుకునేవాళ్లకు ఇందులో కొంత భాగమే పనికొస్తుంది. ఇంట్లో టెక్నీషియన్‌ను పెట్టుకుని రక్తం డయాలసిస్ చేయించుకునేవాళ్లకు మాత్రం ఇది వర్తించదు. ఆ మిషన్ అలారాలు వేరు, ప్రమాదం వేరు. దాని మీద చెయ్యి వేయాల్సింది టెక్నీషియనే.

మిషన్ కంపెనీని బట్టి స్క్రీన్ మీది మాటలు, బటన్ల పేర్లు మారతాయి. మీకు ట్రైనింగ్ ఇచ్చిన సిస్టర్ చెప్పినదానికీ నేను చెప్పేదానికీ తేడా కనిపిస్తే సిస్టర్ మాటే వినండి.

మిషన్‌కు తెలిసినవి నాలుగే

సైక్లర్‌కు కళ్లు లేవు. ట్యూబు ఎక్కడ మడత పడిందో, క్లాంప్ ఎవరు మూశారో దానికి కనిపించదు. ఫ్లూయిడ్ లోపలికి పోతోందా, బయటికి వస్తోందా, వెచ్చదనం సరిపోయిందా, కరెంటు ఉందా, ముఖ్యంగా ఈ నాలుగే దానికి తెలిసేది. చాలా అలారాలు ఈ నాలుగు ప్రశ్నల్లో ఏదో ఒకదానికి ‘లేదు’ అనే జవాబు. గాలి చేరడం, క్యాసెట్ (ట్యూబులన్నీ కలిసే, మిషన్‌లో పెట్టే ప్లాస్టిక్ బిళ్ల) సరిగా కూర్చోకపోవడం లాంటివి మిగతావి.

అందుకే మొదట గోడకు ఒక కాగితం అంటించండి. మీ మిషన్ పుస్తకంలో ఉన్న అలారం మాటలను స్క్రీన్ మీద ఉన్నట్టే ఇంగ్లీషులో, పక్కనే తెలుగు అక్షరాల్లో ఎడమవైపు రాసి, కుడివైపు అర్థం రాయండి. ‘చెక్ పేషెంట్ లైన్’ అంటే మనిషి వైపు ట్యూబు చూడు. ‘చెక్ సప్లై లైన్’ అంటే బ్యాగుల వైపు చూడు. ‘చెక్ డ్రెయిన్ లైన్’ అంటే బాత్రూం వైపు చూడు. ‘లో డ్రెయిన్’ అంటే కడుపులోంచి రావాల్సినంత రాలేదు. మా అమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ స్క్రీన్ మీది మాటల ఆకారం చూసి కాగితంలో ఏ వరసో ఆమే చెప్పేస్తుంది. పెద్ద అక్షరాలతో రాయండి. అర్ధరాత్రి కళ్లద్దాలు ఎక్కడున్నాయో ఎవరికి తెలుసు.

మొదటి రెండు నిమిషాలు

1. లైటు వేయండి. సెల్‌ఫోన్ వెలుతురులో చేయకండి, ఒక చెయ్యి ఫోనుకే పోతుంది.

2. మనిషిని చూడండి, మిషన్‌ను కాదు. ఆయాసం ఉందా, కడుపు బిగుసుకుందా, నొప్పి ఉందా అని అడగండి. ఏదైనా ఉందంటే నేరుగా కింద ‘కడుపు నిండిపోతే’ అన్న చోటికి పోండి.

3. స్క్రీన్ మీద ఏముందో చదవండి. అంకె ఉంటే నోట్‌బుక్‌లో రాయండి. ఇది మాత్రం బటన్ నొక్కకముందే చేయాలి. నొక్కాక ఆ అంకె పోతే, పొద్దున సిస్టర్‌కు “ఏదో వచ్చింది సిస్టర్” అని చెప్పడం తప్ప మిగిలేదేం ఉండదు.

4. కూత ఆపే బటన్ ఒక్కసారి నొక్కండి.

5. మనిషి కడుపు దగ్గర మొదలుపెట్టి మిషన్ దాకా ట్యూబును వేళ్ల మధ్య పట్టుకుని తడుముకుంటూ పోండి. కళ్లతో చూస్తే సరిపోదు. దుప్పటి కింద, నడుము కింద, మంచం కోడు దగ్గర, దోమతెర అంచు దగ్గర మడత ఉంటే వేలికి తెలుస్తుంది, కంటికి తెలియదు.

6. దారిలో వచ్చిన ప్రతి క్లాంప్ తెరిచి ఉందో మూసి ఉందో చూడండి. కడుపు దగ్గరి ట్రాన్స్‌ఫర్ సెట్ (కడుపులోంచి వచ్చిన గొట్టానికి ఎప్పుడూ తగిలి ఉండే పొట్టి ట్యూబు) తిప్పుడు క్లాంప్‌ను మరిచిపోతాం. సగం తిరిగి ఉంటుంది, తెరిచినట్టే కనిపిస్తుంది.

7. ఏదైనా సరిచేశాకనే ‘గో’ (మిషన్‌ను మళ్లీ నడిపించే బటన్) నొక్కండి. ఏమీ సరిచేయకుండా మళ్లీ మళ్లీ నొక్కితే మళ్లీ మళ్లీ కూస్తుంది.

ఈ ఏడింటిలో ఎక్కడా ట్యూబు ఊడదీయమని చెప్పలేదని గమనించండి. అలారం వస్తే మొదట ఊడదీసి చూద్దామనిపిస్తుంది, మోటారు పని చేయకపోతే ఫుట్‌వాల్వ్ విప్పినట్టు. ఇక్కడ విప్పిన ప్రతిసారీ కడుపులోకి క్రిములకు తలుపు తీసినట్టే.

డ్రెయిన్ రావట్లేదంటే

అలారాల్లో ఎక్కువ మోగేది ఇదే, ఎక్కువ అర్థం చేసుకోవాల్సిందీ ఇదే. కాబట్టి ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

ట్యూబు మడత లేదు, క్లాంపులన్నీ తెరిచే ఉన్నాయి, అయినా రావట్లేదు. అప్పుడు మనిషిని కదిలించండి. క్యాథెటర్ (కడుపులోకి వేసిన మెత్తటి గొట్టం) కొస కడుపు అడుగున, కటి భాగంలో ఉంటుంది. పడుకున్న తీరును బట్టి పేగులు దాని రంధ్రాలకు అడ్డం పడతాయి. ఎడమవైపు తిరిగి ఉంటే కుడివైపుకు తిప్పండి. రెండు నిమిషాలు చూడండి. రాకపోతే మంచం మీద లేచి కూర్చోమనండి. అప్పటికీ రాకపోతే ట్యూబు పొడవు ఉన్నంత వరకు మంచం పక్కన నిలబడమనండి. మా అమ్మకు కుడివైపు తిరిగి మోకాళ్లు ముడుచుకుంటే వస్తుంది. ఎందుకో నాకు తెలియదు, ఆమె లోపలి పటం ఆమెది. మీ ఇంట్లో మనిషికి ఏ భంగిమ పని చేస్తుందో నాలుగు రాత్రుల్లో తేలిపోతుంది. కాగితం మీద అదీ రాయండి.

మంచం సంగతి. నవారు మంచం, నులక మంచం నడుమ దిగబడతాయి. మనిషి గుంతలో, మిషన్ స్టూలు మీద ఎత్తున ఉంటే ఫ్లూయిడ్‌కు ఎదురెక్కినట్టే. ట్యూబు కూడా ఆ గుంతలో నడుము కింద నలుగుతుంది. చెక్క మంచం వేసి, మిషన్‌ను ఇంచుమించు మంచం ఎత్తులోనే పెట్టండి. మా ఇంట్లో ఈ ఒక్క మార్పుతో వారానికి నాలుగైదు అలారాలు తగ్గాయి. అమ్మకు తన పెళ్లినాటి మంచం వరండాలోకి పోయిందని ఇప్పటికీ కోపమే.

ఇక అసలు దొంగ. పీడీ చేసుకునేవాళ్లకు డ్రెయిన్ ఆగడానికి మలబద్ధకం చాలా పెద్ద కారణం. పెద్దపేగు నిండి ఉబ్బితే క్యాథెటర్‌ను నొక్కేస్తుంది, ఒక్కోసారి దాన్ని ఉన్న చోటు నుంచి పైకి నెట్టేస్తుంది. అందుకే ఫోన్ చేయగానే సిస్టర్ మొదట మిషన్ గురించి అడగదు, “మోషన్ ఎప్పుడయింది?” అని అడుగుతుంది. మొదటిసారి నాకు విచిత్రంగా అనిపించింది. ఇప్పుడు అమ్మను రోజూ సాయంత్రం నేనే అడుగుతున్నాను, ఆమె తిడుతూనే చెబుతుంది. రెండు రోజులు కాలేదంటే అలారం కోసం ఎదురు చూడకండి. డాక్టర్ రాసిచ్చిన విరేచనం మందు, ఎక్కువగా ల్యాక్టులోజ్ సిరప్ రాస్తారు, ఆ రోజే ఇవ్వండి. మెడికల్ షాపులో అడిగి ఏదో ఒకటి తెచ్చి పోయకండి. మెగ్నీషియం, ఫాస్ఫేట్ ఉన్న విరేచన మందులు కిడ్నీ పని చేయనివాళ్లకు ప్రమాదం.

ట్యూబులో తెల్లటి దారంలాంటిది, దూది పోగులాంటిది కనిపిస్తే అది ఫైబ్రిన్. అప్పుడప్పుడు కొంచెం రావడం మామూలే. ఎక్కువై అడ్డుపడుతుంటే డాక్టర్ బ్యాగులో హెపారిన్ (గడ్డ కట్టకుండా చేసే మందు) వేయమని చెప్పొచ్చు. ఎంత వేయాలో, ఎలా వేయాలో వాళ్లు నేర్పాకనే వేయాలి. ట్యూబును గట్టిగా పిండడం, సిరంజితో లాగడం మన పని కాదు.

ఇవన్నీ చేసినా రెండు మూడు రాత్రులు వరుసగా డ్రెయిన్ తక్కువ వస్తే ఫోనుతో తీరే సమస్య కాదు. క్యాథెటర్ కొస పక్కకు జరిగి ఉండొచ్చు. ఎక్స్‌రే తీస్తే తెలుస్తుంది.

పడుకున్న వెంటనే వచ్చే మొదటి అలారం

మిషన్ మనిషికి తగిలించగానే మొదట కడుపులో ఉన్నది బయటికి తీస్తుంది. పగలంతా కడుపులో ఫ్లూయిడ్ పెట్టుకునేవాళ్లకు అది చాలానే వస్తుంది. పగలు కడుపులో ఫ్లూయిడ్ లేకుండా ఉండేవాళ్లకు కొద్దిగానే వస్తుంది. సాయంత్రం ఏదో పెళ్లికి పోవాలని చేత్తో డ్రెయిన్ చేసుకుని ఉంటే అసలు రాదు. మిషన్‌కు ఆ సంగతి తెలియదు కాబట్టి కూస్తుంది. అంటే ఈ అలారం నిజమో కాదో తేల్చేది మీ జ్ఞాపకమే. పొద్దున చివరి ఫిల్ (లోపలికి వేసే ఫ్లూయిడ్) ఎంత వేశారు, పగలు ఏమైనా తీశారా అని గుర్తు చేసుకోండి. వేసి ఉండి, తీయకపోయి, ఇప్పుడు రాకపోతే కడుపు ఖాళీగా లేదు. ‘బైపాస్’ (నడుస్తున్న దశను వదిలేసి తర్వాతి దశకు పొమ్మనే బటన్) వైపు వేలు పోనివ్వకండి.

బైపాస్ బటన్ గురించి

మిషన్‌లో నాకు భయమున్న బటన్ ఇదొక్కటే. లెక్క వేసి చూడండి. ఒక్కో సైకిల్‌లో (ఒకసారి వేయడం, నానడం, తీయడం కలిపి) 2000 మిల్లీలీటర్లు లోపలికి వేస్తున్నారు. డ్రెయిన్‌లో 900 మాత్రమే వచ్చింది. నిద్ర మత్తులో బైపాస్ నొక్కారు. మిషన్ డ్రెయిన్ అయిపోయిందనుకుని మళ్లీ 2000 వేస్తుంది. ఇప్పుడు కడుపులో 3100. దీనికి తోడు రక్తంలోంచి లాగిన నీళ్లు కూడా ఉంటాయి. ఇంకోసారి ఇలాగే జరిగితే మనిషికి ఊపిరి ఆడదు. సన్నటి మనుషులకు, పిల్లలకు ఇది ఇంకా త్వరగా ముంచుకొస్తుంది.

కడుపు నిజంగా ఖాళీ అని మీకు నూటికి నూరుపాళ్లు తెలిస్తే తప్ప, లేదా సిస్టర్ ఫోన్లో ఉండి నొక్కమంటే తప్ప దాని జోలికి పోవద్దు.

కడుపు నిండిపోతే

కడుపు రాయిలా బిగుసుకోవడం, ఆయాసం, పక్కటెముకల కింద ఒత్తిడి, కూర్చుంటే తప్ప ఊపిరాడకపోవడం, క్యాథెటర్ బయటికి వచ్చే చోట తడి కనిపించడం. వీటిలో ఏది ఉన్నా ఫిల్ నడుస్తుంటే వెంటనే ఆపండి. మనిషిని కూర్చోబెట్టండి. మిషన్‌లో చేత్తో డ్రెయిన్ మొదలుపెట్టే అవకాశం ఉంటే అది వాడండి. ఎలాగో ట్రైనింగులోనే అడిగి పెట్టుకోండి, అప్పుడు నేర్చుకునే సమయం ఉండదు. అది కుదరకపోతే పద్ధతి ప్రకారం మిషన్ నుంచి విడదీసి, చేతి మార్పిడికి వాడే జంట బ్యాగు తగిలించి, బయటికి మాత్రమే తీయండి. ఆయాసం తగ్గకపోతే 108కు ఫోన్ చేయండి. ఆసుపత్రిలో కడుపులో డయాలసిస్ ఫ్లూయిడ్ ఉందని మొదటి మాటగా చెప్పండి. డ్యూటీలో ఉన్నవాళ్లు రోజూ చూసేది రక్తం డయాలసిస్ రోగుల్నే, పీడీ రోగి వాళ్లకు కొత్త కావొచ్చు.

బ్యాగుల వైపు అలారం

దీనికి కారణాలు తక్కువ, చాలావరకు రాత్రి సెట్ చేసేటప్పుడు మనం చేసిన తప్పులే. బ్యాగు క్లాంప్ తెరవలేదు. కొన్ని రకాల బ్యాగుల మూతి లోపల విరగ్గొట్టాల్సిన చిన్న పుల్ల ఉంటుంది, అది సగమే విరిగింది. బ్యాగు కిందకు జారి ట్యూబు మెలిక పడింది. లేదా బ్యాగు నిజంగానే ఖాళీ అయింది. మెలిక విప్పి, క్లాంప్ తెరిచి, ‘గో’ నొక్కితే సరిపోతుంది. బ్యాగు ఖాళీ అయిందని నడి రాత్రి కొత్త బ్యాగు తగిలించడం మాత్రం మీకు ప్రత్యేకంగా నేర్పి ఉంటే తప్ప చేయకండి. వాడని లైన్లకు క్లాంపులు మూసి ఉన్నాయో లేదో కూడా చూడండి, తెరిచి ఉంటే అక్కడినుంచి గాలి లాగుతుంది.

గాలి అలారం వచ్చేది ఎక్కువగా ప్రైమింగ్‌లో (ట్యూబుల్లోని గాలి పోయేలా ఫ్లూయిడ్ నింపడంలో) తొందరపడినవాళ్లకు. మనిషికి తగిలించే ముందు ట్యూబు కొస దాకా ఫ్లూయిడ్ వచ్చిందో లేదో చూడాలి. సన్నసన్న బుడగలు ఒకటి రెండు ఉంటే పరవాలేదు. బెత్తెడు గాలి ఉంటే మళ్లీ ప్రైమ్ చేయండి. గాలి కడుపులోకి పోతే ప్రాణం మీదికి రాదు గానీ భుజం నొప్పి వస్తుంది, కరిగిపోయే దాకా ఒకటి రెండు రోజులు పీకుతుంది.

బాత్రూం వైపు

డ్రెయిన్ ట్యూబు కొస నీళ్లలో మునిగి ఉండకూడదు. బకెట్లో అయినా, కమోడ్‌లో అయినా కొసకూ నీళ్లకూ మధ్య ఖాళీ ఉండాలి. మేము 20 లీటర్ల నీళ్ల క్యాన్ పెట్టాం, రాత్రికి సరిపోతుంది. మూతికి ట్యూబును దారంతో కట్టేశాం, జారి కిందపడకుండా. క్యాన్ మిషన్ కన్నా కిందనే ఉండాలి. బాత్రూం తలుపు గట్టిగా మూస్తే ట్యూబు నలుగుతుంది. మా ఇంటికి చుట్టాలొచ్చిన ప్రతి రాత్రీ ఈ అలారం వచ్చేది. చివరికి తలుపు కింద అంచున ట్యూబు పట్టేంత గాడి కోయించాను.

ఈ ఫ్లూయిడ్‌లో గ్లూకోజ్ ఉంటుంది. చుక్క పడితే చాలు, చీమల బారు కడుతుంది. చీమలు వచ్చాయంటే ఎక్కడో కారుతోందని అర్థం, ముందు ఆ చోటు వెతకండి. పిల్లిని, పిల్లి పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. ట్యూబు కదులుతుంటే వాటికి ఆటబొమ్మే. పిల్లి కొరికిన ట్యూబు నుంచి కడుపు ఇన్ఫెక్షన్ వచ్చిన సంగతులు డాక్టర్లకు తెలిసినవే.

క్యాసెట్ తలుపు దగ్గర గానీ, ట్యూబులో గానీ కారుతుంటే అది అలారం సరిచేసే సమస్య కాదు. క్లాంపులన్నీ మూసి, ఆపేసి, సిస్టర్‌కు ఫోన్ చేయండి. ఆ సెట్ మళ్లీ వాడకండి, ఎంత ఖరీదైనా.

వేడి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా వైపు మే నెలలో మిద్దె పగలంతా కాగి, రాత్రి పదకొండుకు కూడా ఇంట్లోకి వేడి కక్కుతూనే ఉంటుంది. మిషన్‌కు బ్యాగును ఒంటి వేడికి తేవడం వచ్చు, చల్లార్చడం రాదు. మిద్దె మీద రేకుల గదిలో బ్యాగుల డబ్బాలు పెట్టి, సాయంత్రం తెచ్చి నేరుగా తగిలిస్తే ఫ్లూయిడ్ మరీ వేడిగా ఉందని కూస్తుంది, చల్లారే దాకా ఫిల్ వేయదు. డబ్బాలను కింది గదిలో, ఎండ పడని గోడ దగ్గర, పలక మీద పెట్టండి. ఆ రాత్రికి కావాల్సిన బ్యాగులను మధ్యాహ్నమే పడకగదిలోకి తెచ్చుకోండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి.

హీటర్ పళ్లెం మీద బ్యాగు సమంగా, వేడి కొలిచే చిన్న బిళ్ల మీద పూర్తిగా కూర్చోవాలి. పక్కకు జరిగితే ఆ బిళ్లకు గది వేడి తగిలి తప్పు చెబుతుంది. దాని మీద తువ్వాలు కప్పడం, మందుల డబ్బా పెట్టడం వద్దు.

ఎండాకాలంలో ఇంకొక చిక్కు ఉంది. తగిలించే పది నిమిషాలు ఫ్యాను, కూలర్ రెండూ ఆపాలి, తలుపులు మూయాలి. ఉక్కపోత భరించలేక కూలర్ పెట్టుకునే తగిలిస్తే ఆ గాలిలోని దుమ్ము నేరుగా ట్యూబు మూతి మీదికి వస్తుంది. మాస్కు, చేతులు కడుక్కోవడం, ఇవి ఉక్కపోతకు మినహాయింపు కావు.

కరెంటు పోతే

వెంటనే ఏదీ ఊడదీయకండి. వీధి మొత్తం పోయిందా, మన ఇంట్లోనే పోయిందా చూడండి. చాలాసార్లు ప్లగ్ వదులై ఉంటుంది. మిషన్‌కు ఎర్తింగ్ సరిగా ఉన్న మూడు పిన్నుల ప్లగ్ ఒకటి ప్రత్యేకంగా పెట్టించండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు.

ఫ్లూయిడ్ కడుపులో ఉండి నానుతున్న సమయమైతే కంగారు పడాల్సిన పని లేదు, కాసేపు ఎక్కువ నానితే నష్టం లేదు. కరెంటు వచ్చాక మిషన్ ఆగిన చోటినుంచి మొదలుపెడుతుంది. ఎంతసేపు గుర్తుంచుకుంటుందో మీ మోడల్ పుస్తకంలో చూసి గోడ కాగితం మీద రాయండి. ఆ సమయం దాటేలా ఉంటే పద్ధతిగా విడదీసి, మూత పెట్టి, చేత్తో మార్పిడి చేయండి. దీనికోసమే ఇంట్లో ఎప్పుడూ నాలుగైదు జంట బ్యాగులు, మూతలు విడిగా ఉండాలి. టార్చిలైటు ఒకటి మంచం తలాపున మేకుకు వేలాడాలి.

ఇన్వర్టర్ కొనేటప్పుడు హీటర్ కరెంటు ఎక్కువ లాగుతుందని షాపువాళ్లకు చెప్పండి. ఫ్యాను, రెండు లైట్లకు వేసిన పాత ఇన్వర్టర్ దీనికి సరిపోదు. సైన్ వేవ్ రకమే తీసుకోండి. మిషన్ కంపెనీ టెక్నీషియన్‌ను అడిగి కొంటే ఇంకా మంచిది. అనంతపురం, కడప, కర్నూలు మూడూ దక్షిణ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కిందే ఉన్నాయి, ఫిర్యాదు నంబరు 1912. దానితోపాటు మీ సబ్‌స్టేషన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నారని ఒక అర్జీ ఇచ్చి రండి. మరమ్మతుకు లైన్ ఆపేముందు లైన్‌మన్ మాకు ఫోన్ చేస్తున్నాడు. అడగకపోతే ఎవరికి తెలుస్తుంది.

ట్యూబు ఊడిపోతే

నిద్రలో పొర్లి ఊడొచ్చు, మనవడు లాగొచ్చు. తిరిగి తగిలించకండి. ఇదొక్కటి ఇంట్లో అందరికీ చెప్పండి. కడుపు వైపు ట్రాన్స్‌ఫర్ సెట్ క్లాంప్ వెంటనే మూయండి. చేతులు కడుక్కుని కొత్త అయోడిన్ మూత పెట్టండి. ఆ రాత్రికి డయాలసిస్ ఆపి సిస్టర్‌కు చెప్పండి. ట్రాన్స్‌ఫర్ సెట్ మార్చి, ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇస్తారు. ఒక రాత్రి సగంలో ఆగిపోతే కొంప మునగదు, పొద్దున చేతి మార్పిడితో సర్దుకోవచ్చు. కడుపులో ఇన్ఫెక్షన్ వస్తే అంత సులభంగా సర్దుకోదు.

మిషన్ లోపలి తప్పులు

స్క్రీన్ మీద ‘సిస్టం ఎర్రర్’ అని పెద్ద అంకె వస్తే అది మనం సరిచేసేది కాదు. అంకె రాయండి, ఫొటో తీయండి, కంపెనీ సహాయం నంబరుకు ఫోన్ చేసి వాళ్లు చెప్పినట్టే ఆపి వేయండి. మన ఎలక్ట్రీషియన్ ఎంత పనిమంతుడైనా దాని మర విప్పనివ్వకండి.

ఫోన్లో ఏం చెప్పాలి

మాకు క్యాథెటర్ వేసింది బెంగళూరులో. అనంతపురం నుంచి 200 కిలోమీటర్ల పైన. కడపవాళ్లు తిరుపతికి, కర్నూలువాళ్లు హైదరాబాదుకు పోతుంటారు. సిస్టర్ వచ్చి చూడదు కాబట్టి మన మాటలే ఆమెకు కళ్లు. మొదటిసారి నేను ఫోన్ చేసి ఐదు నిమిషాలు కంగారంతా చెప్పాను. ఆమె నిదానంగా, “అన్నా, ఎన్నో సైకిల్, ఎంత వేసింది, ఎంత వచ్చింది?” అని అడిగితే ఒక్కదానికీ జవాబు లేదు.

ఈ వరసలో చెప్పండి: స్క్రీన్ మీది మాట లేదా అంకె. ఎన్నో సైకిల్. ఫిల్ ఎంత, డ్రెయిన్ ఎంత. బయటికి వచ్చింది తేటగా ఉందా, మబ్బుగా ఉందా, ఎర్రగా ఉందా. కడుపు నొప్పి, జ్వరం ఉన్నాయా. మోషన్ ఎప్పుడయింది. ఇప్పటిదాకా మీరేం చేశారు. బైపాస్ నొక్కి ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి, ఎన్నిసార్లో కూడా.

పొద్దున

విడదీసుకున్నాక డ్రెయిన్ అయిన ఫ్లూయిడ్‌ను వెలుతురులో చూడండి. పారదర్శకంగా ఉండే బ్యాగు అయితే వెనక న్యూస్ పేపర్ పెట్టి అక్షరాలు చదవండి. క్యాన్ అయితే ఒక గాజు గ్లాసులోకి కొంచెం తీసి చూడండి. అక్షరాలు చదవగలిగితే తేటగా ఉన్నట్టు. గంజిలా మబ్బుగా ఉంటే, జ్వరం లేకపోయినా, నొప్పి లేకపోయినా అది కడుపు ఇన్ఫెక్షన్ అనుకునే కదలండి. ఆ ఫ్లూయిడ్‌ను పారబోయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి, పరీక్షకు అదే కావాలి. రాత్రి మిషన్ ఒక్కసారీ కూయకపోయినా ఇది చూడాల్సిందే. మబ్బు కనిపెట్టే కన్ను మిషన్‌కు లేదు. ఆడవాళ్లకు నెలసరి రోజుల్లో కొంచెం ఎరుపు రావడం ఉంటుంది, అయినా చెప్పి ఉంచండి.

తర్వాత నోట్‌బుక్. తేదీ, పొద్దున బరువు, బీపీ, మొత్తం డ్రెయిన్, మిషన్ చూపిన యూఎఫ్ (వేసినదానికన్నా ఎక్కువగా ఒంట్లోంచి లాగిన నీళ్లు), రాత్రి ఎన్ని అలారాలు, దేనికి, ఏం చేస్తే ఆగింది. నాలుగు వారాలు రాశాక వెనక్కి తిప్పి చూడండి. మా పుస్తకంలో లో డ్రెయిన్ అలారాలన్నీ సోమ, మంగళవారాల్లోనే ఉన్నాయి. ఎందుకని చూస్తే, ఆదివారం మా ఇంట్లో మాంసం కూర, సంగటి, పైగా అమ్మ విరేచనం మందు వేసుకోకుండా ఎగ్గొట్టేది. డాక్టర్ ఆ పేజీ చూసి నవ్వి, ఆదివారం మోతాదు గురించి అమ్మతో విడిగా మాట్లాడాడు.

పుస్తకాన్ని మిషన్ మీద మాత్రం పెట్టకండి, పైన హీటర్ ఉంటుంది. పక్కన టార్చిలైటు మేకుకే దారం కట్టి, పెన్నుతో సహా వేలాడదీయండి.